గుర్రపు డెక్క లెక్కకు నెట్‌లోగో: ఏ వివరం పెట్టాలి, ఏది వదలాలి

చెరువు, అడవి లాంటివి రోజురోజుకూ ఎలా మారతాయో కంప్యూటర్‌లో మోడల్ కట్టి నడిపి చూసే సాఫ్ట్‌వేర్ నెట్‌లోగో. అందులో మోడల్‌కు కొత్త వివరం జోడించాలంటే రెండు మూడు వరుసల కోడ్ చాలు. గాలి కావాలంటే రెండు వరుసలు. ఎండాకాలం నీళ్లు తగ్గడం కావాలంటే ఇంకో మూడు. ఈ సాఫ్ట్‌వేర్‌లో అన్నిటికన్నా మెచ్చుకోవలసిన గుణం ఇదే. కొత్తగా మోడళ్లు కట్టేవాళ్లను ఎక్కువగా దెబ్బతీసేదీ ఇదే. చెరువు మోడల్ మొదలుపెట్టిన వారానికే తెర మీద చేపలు, కొంగలు, బర్రెలు, వానలు అన్నీ కదులుతుంటాయి. మత్స్య సహకార సంఘం వాళ్లు వచ్చి "డెక్క నెలకెంత తీయించాలె?" అని అడిగితే మాత్రం అందులోంచి జవాబు రాదు.

అందుకే ఈ సమీక్ష ఒకే సంగతి చూస్తుంది: ఏ వివరం ఉంచాలో ఏది తీసేయాలో తేల్చుకోవడానికి నెట్‌లోగో ఎంతవరకు తోడ్పడుతుంది. బాగానే తోడ్పడుతుంది. కాకపోతే దాన్ని తెరవడానికి ముందే కాగితం మీద కొంత పని ముగియాలి.

తెలియనివాళ్ల కోసం నాలుగు మాటలు. యూరీ విలెన్‌స్కీ 1999లో తయారుచేసిన సాఫ్ట్‌వేర్ ఇది. ప్రస్తుతం అమెరికాలోని నార్త్‌వెస్టర్న్ యూనివర్సిటీ కేంద్రం దీన్ని నడుపుతోంది. పూర్తిగా ఉచితం, కోడ్ కూడా బహిరంగమే. విండోస్, మ్యాక్, లినక్స్ మూడింటిలోనూ నడుస్తుంది. ఒకసారి దించుకుంటే ఇంటర్నెట్ అక్కర్లేదు కాబట్టి ములుగు, భూపాలపల్లి వైపు కాలేజీ ల్యాబుల్లోనూ ఇబ్బంది ఉండదు. తెరవగానే మూడు ట్యాబులు కనిపిస్తాయి: బటన్లు, స్లైడర్లు, గ్రాఫులు ఉండే ఇంటర్‌ఫేస్, మోడల్ వివరణ రాసుకునే ఇన్ఫో, ఆదేశాలు రాసే కోడ్. లోపలి ప్రపంచం గళ్లుగా ఉంటుంది, ఆ గళ్లను ప్యాచెస్ అంటారు. గళ్ల మీద తిరిగే జీవుల పేరు టర్టిల్స్. ఒక్కో అడుగు ఒక టిక్.

పరీక్షకు తీసుకున్న ప్రశ్న వరంగల్ చుట్టుపక్కల ఏ ఊరికీ కొత్తది కాదు. 100 ఎకరాల చెరువు ఉంది, దాని మీద గుర్రపు డెక్క పరుచుకుంది. నెలకోసారి కూలీలతోనో యంత్రంతోనో తీయిస్తున్నారు. ప్రతిసారీ ఎంత శాతం తీస్తే డెక్క తగ్గుముఖం పడుతుంది? కింద వచ్చే అంకెలు భద్రకాళి చెరువువీ కావు, వడ్డేపల్లి చెరువువీ కావు. లెక్క చూపించడానికి అనుకున్న చెరువు అంతే.

ముందు కాగితం మీద

ఎండ, మురుగు రెండూ దొరికిన నీటిలో గుర్రపు డెక్క ఒకటి రెండు వారాల్లో రెట్టింపవుతుంది. 14 రోజులు అనుకుందాం. అప్పుడు 30 రోజుల్లో 4.42 రెట్లు అవుతుంది. తీయగా మిగిలినదాన్ని 4.42తో గుణించినా పాత విస్తీర్ణం కన్నా తక్కువే రావాలి. 1ని 4.42తో భాగిస్తే 0.226. అంటే ప్రతి నెలా 77 శాతానికి మించి తీస్తేనే డెక్క తగ్గుతుంది.

దీనికి ఒక్క వివరం కలుపుదాం. చెరువు నిండాక పెరగడానికి చోటుండదు, కాబట్టి నిండేకొద్దీ పెరుగుదల మందగిస్తుంది. నెలనెలా 60 శాతం తీసే చెరువులో, తీయబోయే రోజున డెక్క 56 ఎకరాల దగ్గర నిలబడుతుంది. 70 శాతం తీస్తే 32 ఎకరాల దగ్గర. 80 శాతం తీస్తే నెలనెలా తగ్గుతూ పోతుంది. మొదటి రెండు అంకెలను పక్కపక్కన పెట్టి చూడండి. 60 శాతం తీసేచోట ప్రతి నెలా 34 ఎకరాల డెక్క ఒడ్డుకు చేర్చాలి. 70 శాతం తీసేచోట 22 ఎకరాలు చాలు. గట్టిగా తీసినచోటే నెలనెలా చేయాల్సిన పని తక్కువ. ఇదంతా రెండే అంకెలున్న మోడల్ చెప్పింది, ఏ సాఫ్ట్‌వేరూ లేకుండా.

ఇంకో మేలు కూడా ఉంది. ఏ అంకె కచ్చితంగా తెలియాలో ఈ లెక్కే చూపిస్తుంది. రెట్టింపయ్యే కాలం 14 కాక 20 రోజులైతే 65 శాతం తీసినా సరిపోతుంది. 10 రోజులైతే 87.5 శాతం తీయాలి. చెరువు విస్తీర్ణం ఈ శాతం లెక్కలో ఎక్కడా లేదు. 100 ఎకరాలైనా 40 ఎకరాలైనా శాతం అదే. కాబట్టి వేసవిలో నీళ్లు తగ్గి శిఖం బయటపడే వివరం ఈ ప్రశ్నకు అక్కర్లేదు. కూలీ ఖర్చు లెక్క వేసేటప్పుడు కావాలి, అప్పుడు చేర్చుకోవచ్చు.

ఇక కొలవాల్సింది రెట్టింపయ్యే కాలం. మీటరు పొడవు, మీటరు వెడల్పు ఉండేలా బొంగు కర్రలతో చట్రం కట్టి, నీటి మీద తేలేలా గూటానికి కట్టేయాలి. అందులో పది మొక్కలు వేసి మూడు నాలుగు రోజులకోసారి లెక్కపెట్టాలి. ఇరవై ఎన్ని రోజులకు అయితే అదే రెట్టింపు కాలం. ఒక చట్రం చాలదు. మురుగు కలిసే వైపు ఒకటి, కట్ట దగ్గర ఒకటి, నడిమధ్యలో ఒకటి పెట్టాలి. నగరపు మురుగు చేరే చెరువుకూ, అడవి మధ్యలో ఉన్న పాకాల లాంటి చెరువుకూ నీటిలోని పోషకాలు ఒకటి కావు. ఒక చెరువులో కొలిచిన అంకె ఇంకో చెరువుకు పనికిరాదు. నీటి ఉష్ణోగ్రత, నత్రజని, భాస్వరం విడివిడిగా మోడల్‌లో పెట్టాలని చాలామందికి తోస్తుంది. ఆ మూడింటి ప్రభావమూ ఈ చట్రంలోని లెక్కలో ఇప్పటికే కలిసిపోయి ఉంటుంది.

నెట్‌లోగో ఎక్కడ మొదలవ్వాలి

స్ప్రెడ్‌షీట్ చెప్పలేనిది ఒకటుంది: చోటు. 80 శాతం తీశారంటే చెరువంతా పలచన చేశారా, లేక నాలుగు వంతులు పూర్తిగా శుభ్రం చేసి ఐదో వంతు అలాగే వదిలారా? రెండు అంకెల మోడల్‌కు ఈ రెండూ ఒకటే. చెరువులో ఒకటి కావు. నెట్‌లోగో తెరవాల్సిన సమయం ఇదే.

కొత్త ఫైల్ తెరిస్తే ప్రపంచం 33 గళ్ల పొడవు, 33 గళ్ల వెడల్పుతో వస్తుంది, మొత్తం 1,089 గళ్లు. ఒక్కో గడి 20 మీటర్లు అనుకుంటే 400 చదరపు మీటర్లు, మన కొలతలో నాలుగు గుంటలకు కాస్త తక్కువ. అన్నీ కలిపితే 107 ఎకరాల పైచిలుకు. ఏమీ మార్చకుండానే మన చెరువుకు దాదాపు సరిపోయింది. ఒక్కో గడికి 0 నుంచి 1 మధ్య ఒక అంకె ఇవ్వాలి. 0 అంటే ఖాళీ నీరు, 1 అంటే పూర్తిగా డెక్క. ఒక టిక్ అంటే ఒక రోజు. రోజూ ప్రతి గడిలో ఉన్నదానికి 0.0495 వంతు చొప్పున (14 రోజుల రెట్టింపుకు సరిపోయే రోజు రేటు ఇది) పెరుగుదల, అదీ మిగిలిన ఖాళీని బట్టి. తర్వాత డిఫ్యూజ్ ఆదేశంతో ఒక శాతం చుట్టూ ఉన్న ఎనిమిది గళ్లకు పంచడం. ముప్పై రోజులకోసారి తీయడం. ఇంతే మోడల్. ఇరవై వరుసలు దాటదు.

ఆ ఇరవై వరుసల్లోనే కాలుజారే చోట్లు చాలా ఉన్నాయి. కొన్నిటికి నెట్‌లోగో తప్పు చూపించి ఆపుతుంది. మిగతావాటికి ఏమీ అనకుండా తప్పు జవాబు ఇస్తుంది. ఆపేవాటితో భయం లేదు. ఉదాహరణకు ఇక్కడ పేర్లలో అడ్డగీత వాడొచ్చు కాబట్టి, తీసివేత గుర్తుకు రెండు వైపులా ఖాళీ వదలకపోతే ఆ మొత్తాన్నీ ఒకే పేరనుకుని "అలాంటిదేదీ లేదు" అంటుంది. ఖాళీ వదిలితే సరిపోతుంది.

చెప్పకుండా ముంచేవి వేరు. మొదటిది ప్రపంచపు అంచులు. మామూలుగా నెట్‌లోగోలో కుడి అంచు ఎడమ అంచుతో, పైది కిందిదానితో కలిసి ఉంటాయి. మత్తడి దగ్గరున్న డెక్క మరుసటి రోజే ఎదురొడ్డున వాగు దగ్గర తేలుతుంది. సెట్టింగ్స్‌లో అంచులను ఇలా కలిపే ర్యాప్ గుర్తులను రెండు దిక్కులకూ తీసేయాలి. డిఫ్యూజ్ అంచు గళ్ల దగ్గర కూడా మొత్తాన్ని పోగొట్టదు, పంచగా మిగిలింది ఆ గడిలోనే ఉంచుతుంది. కాబట్టి అక్కడ వేరే సవరణ అక్కర్లేదు.

రెండోది కాలపు అడుగు, ఇది అన్నిటికన్నా ప్రమాదకరం. పని నెలకోసారే కదా అని ఒక టిక్‌ను నెలగా పెట్టి, రోజు రేటును 30తో గుణించి 1.49 వేశారనుకుందాం. అప్పుడు డెక్క నెలకు 4.42 రెట్లకు బదులు 2.49 రెట్లే పెరుగుతుంది, ఎందుకంటే నెల మధ్యలో పుట్టిన పిలకలకు పిలకలు పుట్టవు. ఆ మోడల్ 60 శాతం తీస్తే చాలంటుంది. అసలు కావాల్సింది 77. రోజు అడుగుతో వేస్తే 76.5 వస్తుంది, అది పట్టించుకోవాల్సిన తేడా కాదు. అడుగును రెండు నెలలు చేస్తే రేటు 2.97 అవుతుంది. తీయడం అసలు లేకపోయినా చెరువు ఒకసారి నిండుతూ ఒకసారి ఖాళీ అవుతూ పిచ్చిగా ఊగుతుంది. ఇంత చిన్న సూత్రం కూడా రేటు 2 దాటితే ఊగిసలాడుతుందనీ, 2.57 దాటితే పట్టుతప్పుతుందనీ గణితంలో తెలిసిన విషయమే. జీవావరణ శాస్త్రవేత్త రాబర్ట్ మే 1976లో ఇలాంటి సమీకరణాల తీరును వివరంగా చూపించారు. తెర మీద ఆ ఊగిసలాట చూసి చెరువు జీవావరణం సంక్లిష్టమైనదని వ్యాఖ్యానం రాయకండి. అది అడుగు పెద్దదైనందువల్ల వచ్చిన తప్పు.

మూడోది లేని మొక్క. డిఫ్యూజ్ రోజుకో గడి చొప్పున పంచుతూ పోతుంది. నెల దాటేసరికి ఎదురొడ్డు గడిలో కూడా సున్నా కాని అంకె ఉంటుంది. అది ఒక ఆకులో కోటో వంతు కూడా కాదు. అయినా మోడల్‌కు అదీ డెక్కే, రెండు వారాలకోసారి రెట్టింపవుతుంది. చెరువంతా శుభ్రం చేసినా ఎక్కడినుంచో మళ్లీ పుట్టుకొస్తుంటే కారణం ఇదే. 0.001 కన్నా తక్కువున్న గడిని సున్నా చేసేయాలి. 400 చదరపు మీటర్లలో అది 0.4 చదరపు మీటరు, నాలుగైదు మొక్కల చోటు. ఈ గీతను ఇష్టమొచ్చినట్టు పెంచితే ఇంకో తప్పు మొదలవుతుంది. తిన్నని అంచు పక్కనున్న ఖాళీ గడికి రోజుకు మూడు నిండు గళ్ల నుంచి వచ్చేది 0.00375 మాత్రమే. గీతను 0.005 దగ్గర పెడితే వచ్చింది వచ్చినట్టే ప్రతిరోజూ చెరిగిపోతుంది. డెక్క ఒక్క గడి కూడా ముందుకు జరగదు.

నాలుగోది చిన్నది గానీ క్లాసులో ఎక్కువగా కనిపిస్తుంది. క్లియర్-ఆల్ ఆదేశం అన్నీ తుడిచేస్తుంది కానీ స్లైడర్లను ముట్టుకోదు. ఒకరు స్లైడర్ జరిపి ఫైల్ సేవ్ చేస్తే, తర్వాత తెరిచినవాళ్లకు వేరే జవాబు వస్తుంది. ముఖ్యమైన అంకెలు మోడల్‌ను మొదలుపెట్టే సెటప్ కోడ్‌లోనే రాసిపెట్టడం మంచిది.

చోటు కలిపితే ఏం మారింది

80 శాతం తీశాక 20 ఎకరాలు మిగిలాయి. అవి చెరువంతా పలచగా పరుచుకుని ఉంటే ప్రతి మొక్క చుట్టూ ఖాళీ నీరే. నెలలో 20 కాస్తా 52 ఎకరాలవుతుంది. అదే 20 ఎకరాలు కట్ట వెంట ఒకే పట్టీగా ఉంటే లోపలి మొక్కలకు చోటు లేదు, పెరిగేది అంచు ఒక్కటే. 33 గళ్ల పొడవున్న ఆ అంచు నెలలో ఒకటి రెండు గళ్లు ముందుకు జరిగితే పెరిగేది మూడు నుంచి ఆరున్నర ఎకరాలు. తీసింది ఎంతో అంతే, మిగిలిన తీరు వేరు. ఒక వైపు నుంచి మొదలుపెట్టి ఒక్క మొక్క కూడా వదలకుండా తీసుకుంటూ పోవాలని చేపలవాళ్లు చెప్పే మాటకు ఇక్కడ లెక్క దొరికింది. ఈ వివరం జవాబును మార్చింది, కాబట్టి మోడల్‌లో ఉండాల్సిందే.

వెంటనే దాన్ని తలకిందులు చేయగల ఇంకో వివరాన్ని వెతకాలి. అది గాలి. నైరుతి కాలంలో పడమటి గాలికి డెక్క పట్టీలు తెగి తూర్పు ఒడ్డుకు కొట్టుకుపోతాయి. తెగిన ముక్కలు చెరువంతా చెదిరితే, పట్టీగా వదిలినందువల్ల కలిగే మేలు పోతుంది. అందుకని గాలిని చేర్చి చూడాలి: ప్రతి గడీ తనలో కొంత వంతును తూర్పు గడికి ఇస్తుంది. గళ్లతో పని చేయించే ఆదేశం ఆస్క్. దీన్ని ఒకే ఆస్క్ ఆదేశంలో రాయడం తప్పు. నెట్‌లోగో గళ్లను యాదృచ్ఛిక వరుసలో పిలుస్తుంది. ఒక గడి ఇచ్చింది అందుకున్న పక్క గడి, తన వంతు వచ్చినప్పుడు దాన్ని కూడా కలిపి ముందుకు తోస్తుంది. ఒకే రోజులో డెక్క నాలుగైదు గళ్లు దూకుతుంది. ముందు అన్ని గళ్లకూ కొత్త విలువ లెక్కగట్టి వేరే పేరుతో దాచి, రెండో ఆస్క్‌లో అన్నిటినీ ఒకేసారి మార్చాలి. తూర్పు ఒడ్డున కుప్పపడి గడి విలువ 1 దాటితే పెరుగుదల రుణాత్మకమై డెక్క దానంతటదే చచ్చిపోతుంది. ఇది కూడా చూడాలి. తోసే ముందు, తోసిన తర్వాత మొత్తం కూడి రెండూ సమానమో కాదో చూపించే ఒక మానిటర్‌ను (అంకె చూపించే చిన్న పెట్టెను) ఇంటర్‌ఫేస్‌లో ఉంచితే ఈ తప్పులు వెంటనే బయటపడతాయి.

వాగు నుంచి కొట్టుకొచ్చే డెక్క కూడా ఉంచాల్సిన వివరమే. అది ఒక్క అంకె. నెలకు రెండెకరాలు కొత్తగా చేరుతుంటే, 80 శాతం తీసినా చెరువు ఎప్పటికీ శుభ్రం కాదు, 11 ఎకరాల దగ్గర ఆగుతుంది. 90 శాతం తీసినా మూడున్నర ఎకరాలు మిగులుతుంది. వాగు మూతి దగ్గర అడ్డంగా తేలే కంచె వేయడం, ఇంకో పది శాతం ఎక్కువ తీయించడం — ఏది చవకో సంఘం వాళ్లే పోల్చుకోవచ్చు.

ఇప్పుడు వదిలినవి. ఒక్కో మొక్కను ఒక్కో టర్టిల్‌గా పెట్టడం: చదరపు మీటరుకు పది మొక్కలనుకున్నా 43 లక్షల టర్టిల్స్, మామూలు ల్యాప్‌టాప్ మోయదు, మోసినా జవాబు మారదు. మొక్క వయసు: రెట్టింపు కాలంలో కలిసే ఉంది. రోజువారీ వాన: ఈ ప్రశ్నకు వద్దు. డెక్కను తినే ముక్కుపురుగులను 1980లలో బెంగళూరు కేంద్రంగా మన దేశంలో వదిలారు. అవి ఉన్న చెరువైతే చట్రంలో కొలిచిన రేటులోనే వాటి పని తెలుస్తుంది. విత్తనాలు మాత్రం ప్రశ్నను బట్టి ఉంటాయి. అడుగు మట్టిలో ఏళ్ల తరబడి బతికి ఉండి, చెరువు ఎండి మళ్లీ నిండినప్పుడు మొలుస్తాయి. పూడిక తీయడానికి చెరువు ఖాళీ చేశాక ఏం జరుగుతుందన్నది ప్రశ్న అయితే విత్తనం లేని మోడల్ పనికిరాదు. ప్రశ్న మారితే ఉంచాల్సిన వివరాల జాబితా కూడా మారుతుంది.

మోడల్‌కు విస్తృతి, వాస్తవికత, కచ్చితత్వం మూడూ ఒకేసారి పూర్తిగా దక్కవని జీవావరణ శాస్త్రవేత్త రిచర్డ్ లెవిన్స్ 1966లోనే వాదించారు. మన చెరువు మోడల్ కచ్చితత్వాన్ని కొంత వదులుకుంది. వచ్చే ఆగస్టులో ఎన్ని ఎకరాలుంటుందో చెప్పదు. ఎలా తీస్తే తగ్గుతుందో చెబుతుంది.

బిహేవియర్‌స్పేస్: దించుకోవడానికి అసలు కారణం

మోడల్‌ను వేర్వేరు అంకెలతో వరుసగా నడిపించే భాగం ఇది. టూల్స్ మెనూలో ఉండే దీన్ని చాలామంది తెరవనే తెరవరు. నెట్‌లోగోలో విలువైనది ఇదే. తీసే శాతం ఐదు రకాలు, రెట్టింపు కాలం నాలుగు రకాలు, తీసే పద్ధతి రెండు రకాలు, యాదృచ్ఛికత కోసం ఒక్కోటి ఇరవై సార్లు: మొత్తం 800 పరుగులు. వాటంతటవే నడిచి ఫలితాలను సీఎస్వీ ఫైల్‌లో పెడతాయి, దాన్ని ఏ స్ప్రెడ్‌షీట్‌లోనైనా తెరవొచ్చు. టేబుల్ అవుట్‌పుట్ ఎంచుకోండి, చదవడం సులువు. మోడల్ తెరను ఎప్పటికప్పుడు గీయడం ఆపేస్తే చాలా వేగంగా నడుస్తుంది.

వివరాల ఖరీదు తెలిసేది ఇక్కడే. పై మోడల్‌కు ఇంకో మూడు వివరాలు చేర్చి ఒక్కోదానికి ఐదు విలువలు పెడితే 800 కాస్తా లక్ష పరుగులవుతాయి. ఒక్కోటి రెండు సెకన్లు పట్టినా ఒక ప్రాసెసర్‌కు 55 గంటలు దాటుతుంది. ఆ లక్ష వరుసలను చదివి అర్థం చేసుకోవడానికి పట్టే సమయం అందులో కలపలేదు.

చేయాల్సిన పద్ధతి ఇది. ప్రతి వివరానికీ ఉంది-లేదు స్విచ్ పెట్టాలి. ఒక్కోదాన్ని ఆపి 800 పరుగులు మళ్లీ వేయాలి. 77 శాతం గీత మారిందా, పట్టీ పద్ధతి మేలన్న ఫలితం తిరగబడిందా చూడాలి. రెండూ మారకపోతే ఆ వివరాన్ని కోడ్‌లోంచి తీసేయాలి. స్విచ్ ఆపి వదిలేయడం చాలదు, కోడ్‌లో ఉన్నంతకాలం తప్పులకు చోటిస్తుంది. ఒక్కసారి నడిపి వచ్చిన గ్రాఫును నమ్మకూడదు. అదే ఫలితాన్ని ఇంకొకరికి చూపించాల్సి వస్తే ర్యాండమ్-సీడ్ అంకె రాసిపెట్టుకోవాలి, అదే అంకె ఇస్తే యాదృచ్ఛిక వరుస మళ్లీ అలాగే వస్తుంది.

మోడల్ నిజమా కాదా అన్నదానికి ఒక్క గ్రాఫు కలిస్తే సరిపోదు. వేర్వేరు రకాల ఆనవాళ్లు మూడైనా కలవాలి: డెక్క మొదట ఎక్కడ కనిపించింది, ఏ ఒడ్డున చేరింది, తీశాక ఎన్నాళ్లకు తిరిగి నిండింది. సెంటినెల్-2 ఉపగ్రహ చిత్రాలు ఉచితం. ఐదు రోజులకోసారి, 10 మీటర్ల స్పష్టతతో దొరుకుతాయి. మన ఒక్క గడిలో నాలుగు చుక్కలు పడతాయి. వానాకాలంలో మబ్బులు అడ్డొస్తాయి, నీటిపై పాకుడు కూడా పచ్చగానే కనిపిస్తుంది కాబట్టి ఒకసారి కట్ట మీదికి వెళ్లి సరిచూసుకోక తప్పదు. ఈ చిత్రాలను గళ్లలోకి తెచ్చుకోవడానికి, మ్యాపు సమాచారం చదివే జీఐఎస్ ఎక్స్‌టెన్షన్ ఉంది. అది చదివే ఆస్కీ గ్రిడ్ (గడికో అంకె ఉండే టెక్స్ట్ ఫైల్) రూపంలోకి ముందే మార్చుకోవాలి.

వేరేవాటితో పోలిస్తే: చోటు అక్కర్లేని ప్రశ్న అయితే ఇన్‌సైట్ మేకర్ మేలు, బ్రౌజర్‌లోనే బాణాలు గీసి మోడల్ కట్టొచ్చు, అదీ ఉచితమే. గణాంకాలు ముఖ్యమైతే ఆర్ అనే ప్రోగ్రామింగ్ భాష. చెరువులోని చేపజాతులన్నిటి ఆహార గొలుసు కావాలంటే ఎకోపాత్ అనే సాఫ్ట్‌వేర్ ఉంది. కానీ అది ప్రతి జాతికీ నాలుగు అంకెల్లో మూడైనా అడుగుతుంది. బొచ్చె, రోహు, కొర్రమీనుతో మొదలుపెట్టి పదిహేను జాతులు రాస్తే 45 అంకెలు తెచ్చివ్వాలి. మన చెరువుల్లో అన్ని కొలతలు ఎవరి దగ్గరా సిద్ధంగా ఉండవు.

టర్టిల్స్ నిజంగా అవసరమయ్యే చోటు వేరే ఉంది. మహారాష్ట్ర వైపు నుంచి కాగజ్‌నగర్ అడవుల మీదుగా కవ్వాల్‌కు వచ్చే పులుల లెక్క అలాంటిది. ఉన్నవే కొన్ని. సగటు సమీకరణం "ఒకటిన్నర పులి" అని జవాబిస్తుంది. ఒక ఆడపులి రోడ్డు దాటిందా లేదా అన్నదే అక్కడ ఫలితాన్ని మారుస్తుంది కాబట్టి, ఒక్కో జీవిని విడిగా నడిపే నెట్‌లోగో సరిగ్గా సరిపోతుంది. లక్షల మొక్కలకు సగటు చాలు. వేళ్ల మీద లెక్కపెట్టగల జంతువులకు సగటు చాలదు.

లోపాల్లో ముఖ్యమైనది భాష. తెలుగు ఇంటర్‌ఫేస్ లేదు, ఆదేశాలన్నీ ఇంగ్లిషే. కోడ్‌లో సెమీకోలన్ తర్వాత రాసే వ్యాఖ్యలను మాత్రం తెలుగులో రాసుకోవచ్చు, రాసుకోవాలి కూడా. బ్రౌజర్‌లో నడిచే నెట్‌లోగో వెబ్‌లో బిహేవియర్‌స్పేస్ లేదు కాబట్టి అది చూపించడానికే గానీ పనికి కాదు. ఇన్ఫో ట్యాబ్ ఖాళీగా ఉన్నా నెట్‌లోగో అడగదు, ఇది కూడా లోపమే. ఓడీడీ అనే వివరణ పద్ధతి 2006 నుంచి వాడుకలో ఉంది. మోడల్ దేనికోసం, అందులో ఏమేం ఉన్నాయి, ఒక గడి ఎంత, ఒక టిక్ ఎంత, ఏ పని తర్వాత ఏ పని అన్నవి అది వరుసగా అడుగుతుంది. కోడ్ రాయకముందే ఆ ట్యాబ్‌లో ఇది నింపి, కింద "వదిలేసినవి, ఎందుకు" అని ఇంకో పేరా చేర్చాలి. మరొకరు మోడల్‌ను అందుకున్నప్పుడు మొదట వెతికేది ఆ పేరానే.

దించుకున్నవాళ్లు మోడల్స్ లైబ్రరీలో తోడేళ్లు-గొర్రెల మోడల్‌ను రెండు రకాలుగా నడిపి చూడండి. గడ్డి లేకుండా నడిపితే సాధారణంగా తోడేళ్లు అంతరించి గొర్రెలు హద్దు లేకుండా పెరుగుతాయి, లేదా రెండూ పోతాయి. గడ్డిని చేర్చితే రెండూ ఊగుతూనే చాలాకాలం నిలుస్తాయి. చేర్చిన ఒకే ఒక్క వివరం ఫలితాన్ని ఎలా మార్చగలదో అరగంటలో కనిపిస్తుంది.

జీవశాస్త్రం, పర్యావరణం, సివిల్ ఇంజనీరింగ్ చదివే విద్యార్థులకూ, అటవీ, మత్స్య శాఖల్లో ప్రణాళికలు వేసేవాళ్లకూ ఇది తప్పక నేర్చుకోదగ్గది. సహకార సంఘానికి నెలకెంత తీయించాలన్న ఒక్క ప్రశ్నే ఉంటే నెట్‌లోగో అక్కర్లేదు, ఫోన్‌లోని సైంటిఫిక్ క్యాలిక్యులేటర్ చాలు. రెండుసార్లు తీయడానికి మధ్య ఉన్న రోజులను రెట్టింపయ్యే రోజులతో భాగించండి. వచ్చినదాన్ని 2కు ఘాతంగా వేయండి. 1ని దానితో భాగించి, వచ్చినదాన్ని 1లోంచి తీసేసి, 100తో గుణించండి. 30 రోజులకోసారి, 14 రోజులకు రెట్టింపు అయితే 77. అదే చెరువులో 15 రోజులకోసారి తీయిస్తే 52.